మందు కొట్టని టమాటా

ఆ రాత్రి, కూరగాయల్లో మందుల అవశేషాలు పరీక్షించే మా ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. పురుగుమందు తగలని కూరగాయతో ముందు యంత్రాన్ని సరిచూడాలి కాబట్టి, మా కొత్త కాపురంలో, బాల్కనీ కుండీలో కాసిన తొలి టమాటాను మురిపెంగా తెచ్చాను. అందులోనూ మందు కనిపించింది. విసుక్కుంటూ గాజుసామానంతా కడిగి మళ్లీ చూశాను. మందు ఇంకా పెరిగింది.

చిరాగ్గా మా ఆయనకు ఫోన్ చేశాను.

"మొక్కకి మందేమైనా కొట్టారా?"

"నీళ్లు పొయ్యడానికే బద్ధకం నాకు. మిగతా కాయలు కోసుకుని మంచమెక్కా, తిననా?"

"ముట్టుకోకండి. సరసం కాదు, చెప్పేది వినండి."

ఫోన్‌లో ఆయన వైపు నుంచి స్ప్రే పంపు చప్పుడు వినిపించింది. తుస్సు, తుస్సు. కొంచెం ఆగి, ఇంకా దగ్గరగా.

"పక్కనెవరండీ?"

"ఎవరుంటారు, తలుపులన్నీ వేశాగా. ఉండు, మొహం మీద ఏదో సన్నగా తడి పడుతోంది."