సిగ్నలున్న అరుగు

“ఒరే నాగబాబూ, దీని లాకు ఇప్పీరా!” లక్ష్మణమ్మ చేపల తట్ట దించి, మొగుడి ఫోను నాగబాబు రిపేరు కొట్టు బల్ల మీద పెట్టింది. “సవగ్గా వస్తాదని కొన్నాడు మీ మావ. ఆ ఒక్క కంపెనీ సిమ్మే పన్జేస్తాదట. ఆ సిగ్నలేమో ఊరు మొత్తానికీ మా మరిది అరుగు మీదే ఉన్నాది!”

వల పంపకం దగ్గర తగువొచ్చినప్పట్నించీ ఆ అన్నదమ్ములకి మాటల్లేవు. అయినా ఆమె మొగుడు కూర్మయ్య రోజూ సాయంత్రం ఫోను పట్టుకుని తమ్ముడి అరుగుకే పోతాడు.

“ఇప్పొద్దే, ఉన్న ఫోను పాడైపోతాది,” గుమ్మంలోంచి గొణిగాడు కూర్మయ్య.

నాగబాబు ఫోను నొక్కి చూసి తల గోక్కున్నాడు. “అత్తా, దీనికి రీసార్జి అయిపోయి సానా నాళ్లయింది. ఫోన్లు రావు, పోవు.”

లక్ష్మణమ్మ మొగుడి వైపు తిరిగింది. “మరి పొద్దుగూకిందాకా అక్కడ కూకుని ఎవుల్తో మాటాడతన్నావు?”

కూర్మయ్య ఫోను కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.

“ఈ లాకు ఎవులూ ఇప్పలేరట. నీకింక ఆ అరుగే గతి. ఒట్టి సేతుల్తో మాత్రం ఎల్లకు. మా మరిదికి నెత్తళ్ల పులుసంటే పేనం.”