పదమూడో నెల

"ఆ పేరు లిస్టులో లేదక్కా," అన్నాడు ఫిక్రు, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

"ఉంటుంది తమ్ముడూ. పోయినేడు వానల్లో ఇక్కడే రాయించాను. మిహ్రెత్. తండ్రి పేరు అబేరా. ఇంకోసారి చూడు."

ఆస్పత్రి కిటికీ అవతల నల్లబట్టల్లో నిలబడ్డ ఆమె పేరు యెషి. పేరు రాయించి వెళ్ళాక, డెబ్రె సినా కొండల నుంచి బస్సెక్కి అడిస్ అబాబా రావడం ఇది నాలుగోసారి. ముందు మూడుసార్లూ ఇదే కిటికీ, ఇదే జవాబు. ఫిక్రుకి మాత్రం ఆమె మొహం గుర్తులేదు. రోజుకి వందమంది వచ్చే చోట గుమాస్తాకి మొహాలు గుర్తుండవు.

అది గుండెకు చిల్లున్న పిల్లల లిస్టు. ఆరునెలలకోసారి విదేశాల నుంచి డాక్టర్లు వస్తారు. లిస్టులో ఉన్న వరస ప్రకారం పిలిచి ఆపరేషన్లు చేస్తారు. లేని పేరుని ఎవరూ పిలవరు. ఈ విడత డాక్టర్లు సోమవారం దిగుతున్నారు. ఇవాళ మధ్యాహ్నంతో లిస్టు మూసేస్తారు.

"అసలు రాయించావా, కలగన్నావా?" పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతూ అడిగాడు పెద్ద గుమాస్తా డెజెనె.

"కలగనాలంటే నిద్ర పట్టాలి కదయ్యా," అంది యెషి.

డెజెనె మళ్ళీ కాఫీలో పడ్డాడు.

"పాప పుట్టినరోజు చెప్పక్కా, దాంతో వెతుకుతాను."

"పగుమే మూడు. రుఫాయేలు పండగ. ఊళ్ళో పిల్లలంతా వానలో తడుస్తూ కేరింతలు కొడుతుంటే పుట్టింది."

ఫిక్రు చేతులు ఆగిపోయాయి.

ఆ దేశంలో ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండింటికీ ముప్ఫయ్యేసి రోజులు. మిగిలిన ఐదారు రోజులూ పదమూడో నెల, పగుమే. అది అక్కడ పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. పోయినేడు ఎక్సెల్ లిస్టుని కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించారు. ఆ ప్రోగ్రామ్ ఎక్కడో చల్లగా ఏసీ గదిలో తయారైంది. దానికి పన్నెండు దాకే లెక్క వచ్చు.

ఆరువందల పదమూడు వరసలు గబగబా మింగి, అది చివర్లో ఒక ప్రశ్న అడిగింది. తొమ్మిది వరసల్లో తేదీ తప్పు, వదిలెయ్యమంటారా?

"ఆరొందల్లో తొమ్మిది ఓ లెక్కా? నొక్కెయ్. ఆకలేస్తోంది," అన్నాడు డెజెనె ఆ రోజు.

ఫిక్రు నొక్కేశాడు. ఇద్దరూ వెళ్ళి ఇంజెరా తిన్నారు.

ఇప్పుడు ఫిక్రు ఆ పాత ఫైలు తెరిచాడు. మూడొందల నలభై ఏడో వరస. మిహ్రెత్ అబేరా, ఏడేళ్ళు, డెబ్రె సినా. ఏడాదిగా అక్కడే ఉంది. అతని చెవులు వేడెక్కాయి.

"దొరికిందక్కా!"

యెషి కిటికీ ఊచలు పట్టుకుంది.

"పాపకి ఆయాసం ఎలా ఉంది?" అడిగాడు, సిగ్గు కప్పిపుచ్చుకోడానికి.

"ఇప్పుడు లేదు తమ్ముడూ."

హమ్మయ్య అనుకున్నాడు ఫిక్రు. మందులు పనిచేసినట్టున్నాయి.

"ఓ నాలుగు రోజులు వెనక్కి జరిపి పన్నెండో నెల అని కొట్టు. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు డెజెనె.

"వద్దయ్యా," యెషి గొంతు గట్టిపడింది. "దాని రోజు మార్చకండి. అదొక్కటైనా సరిగ్గా ఉండనీండి."

ఫిక్రు మార్చలేదు. తేదీ రాసే గడిని మామూలు అక్షరాల గడిగా మార్చి, తొమ్మిది వరసల్నీ మళ్ళీ ఎక్కించాడు. ఈసారి ప్రోగ్రామ్ కిక్కురుమనలేదు. మొత్తం ఐదు నిమిషాల పని. ఏడాదిగా చెయ్యని ఐదు నిమిషాల పని.

పేర్లన్నీ రాయించిన తేదీల ప్రకారం సర్దుకున్నాయి. మిహ్రెత్ పేరు అన్నిటికన్నా పైన వచ్చి కూచుంది. దాని వెనకాల రాయించుకున్న పిల్లలకి పోయిన విడతలోనే ఆపరేషన్లు అయిపోయాయి. ఆ సంగతి ఫిక్రుకి కనబడుతూనే ఉంది. పైకి చెప్పే ధైర్యం చాల్లేదు. అయినా సోమవారం ఎంతో దూరం లేదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

కాగితం ప్రింటు తీసి, స్టాంపు గట్టిగా గుద్ది, లేచి నిలబడి మరీ కిటికీలోంచి అందించాడు. ఏడాదిలో అతను ఎవరికోసమూ అలా లేవలేదు.

"సోమవారం పొద్దున్నే పాపని పరగడుపున తీసుకొచ్చెయ్ అక్కా. మొట్టమొదట పిలిచేది తననే."

యెషి కాగితం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుంది. పేరు. తండ్రి పేరు. పగుమే మూడు. మడతపెట్టి గుండెల దగ్గర దాచుకుంది.

"పక్క కిటికీ ఎన్నింటిదాకా తీసి ఉంటుంది తమ్ముడూ?"

"పన్నెండింటిదాకా. అక్కడ నీకేం పనక్కా?"

"పిల్ల మీ లిస్టులో ఉన్నట్టు కాగితం తెస్తేనే, చనిపోయినట్టు కాగితం ఇస్తామన్నారు," అంది యెషి.