ఫ్రేములో పడితే

“ఇద్దరు ఒక్క ఫ్రేముల పడాలె! పడితే ఒక్కపారే పడాలె!” అని రూప మూడోసారి అరిచింది.

మేడకు ఆ చివర నిలబడ్డ శివయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఏంది బిడ్డా? గీ వయసుల ప్రేమల పడాల్నా?”

“ప్రేమ కాదు హీరోగారూ, ఫ్రేము! ఫ... ఫ!”

“నేను గూడ గదే అంటున్న. ప్రేము.”

మేడకు ఈ చివర కూర్చున్న రాజమణి కొంగు దులుపుకుంది. “ఆయనకు పడుడు రాదు బిడ్డా. పక్కకు జరుగుడే వస్తది.”

గౌలిపురలో ఆ మేడ మీద తీస్తున్నది రూపకు నాలుగో షార్ట్ ఫిల్ము. పేరుకు లఘుచిత్రాలే గాని పడ్డ పాట్లన్నీ గురువులే. మొదటిదాంట్లో మైకు మూగబోయింది. రెండోదాంట్లో వాన అడక్కుండానే నటించింది. మూడోదాంట్లో హీరో సగంలో పెళ్లి చేసుకుని అత్తగారింట్లో సెటిలయ్యాడు. ఇక నాలుగోది ఇది. ఎనిమిదేళ్లు విడివిడిగా ఉన్న భార్యాభర్తలు ఒక సాయంత్రం మేడ మీద కలిసి చాయ్ తాగుతారు. కథ అంతే. తాగితే సినిమా ఉంటుంది, తాగకపోతే లేదు.

ఆయన్ని విడిగా తీయడం అయిపోయింది, ఆమెను విడిగా తీయడమూ అయిపోయింది. మిగిలింది ఇద్దరూ కలిసి కనబడే ఒకే ఒక్క షాటు. ఇవాళ్టితో రాజమణి సెలవు సరి. మళ్లీ ఈ మెట్లెక్కనని ఆమె ముందే చెప్పేసింది. సూర్యుడికీ దిగిపోయే తొందరగానే ఉంది.

“ఎందుకు మేడం గింత లొల్లి?” అన్నాడు కెమెరామన్ సామ్యూల్. పెళ్లి వీడియోలు తీసి తీసి జుట్టు నెరిసిన మనిషి. ఈ షాటు కోసమే ఇవాళ వచ్చాడు. “ఈయన్ను ఒకపారి, ఆమెను ఒకపారి తీద్దాం. కంప్యూటర్ల నేను కలిపేస్త.”

“కంప్యూటర్ల కలుపుడు వద్దన్నా. గీడ కలవాలె.”

“అయితే ఇంకో జంటను తెస్త. మస్తు నటిస్తరు.”

“నటన వద్దనే కదా వీళ్లను పెట్టుకున్న,” అని రూప ఇటు తిరిగింది. “హీరోగారూ, నాలుగడుగులు ముందుకు రారాదున్రి.”

“నేనొస్త. ఆమె లేచి పోదుగా? అడుగు.”

“నన్ను అడుగుడేంది? లేచి పోయేటోళ్లెవరో ఆయనకే ఎరుక. చెప్పు.”

ఇద్దరి మాటలూ రూప మీదుగానే పోతున్నాయి, తీగ మీద కరెంటు పోయినట్టు. శివయ్య కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు ఊరి లైన్లన్నీ నిలబెట్టిన మనిషికి నోటికిచ్చిన ఒక్క లైను నిలబడటం లేదు. “చాయ్ తెచ్చిన కమలా, చల్లారకముందే తాగు” అన్నది అతని డైలాగు. కమల అంటే సినిమాలో రాజమణి పేరు. ఐదు టేకుల్లోనూ చాయ్ వచ్చింది గాని కమల రాలేదు.

“టేక్!” అంది రూప.

“ఠీకే ఉన్న,” అన్నాడు శివయ్య.

ఆరో టేకుకు పాతబస్తీ మీద వెలుగు మారింది. ఎండ చాయ్ ఛాయలోకి దిగింది. పక్క మేడ మీంచి పావురాలు గుంపుగా లేచి, ఎవరిదో ఈల వినబడగానే గాలిలోనే వంపు తిరిగి వెనక్కి మళ్లాయి. కింద గల్లీలో గేదెల మెడగంటలు నీళ్ల అడుగునుంచి మోగుతున్నట్టున్నాయి. మెలకువలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి ఒకే కల వచ్చినట్టుంది ఆ మేడ మీద.

శివయ్య కప్పుతో నడిచొచ్చాడు. గట్టు మీద, రాజమణి పక్కన, కూర్చున్నాడు.

ఒకటే ఫ్రేము. ఇద్దరూ పడ్డారు.

శివయ్య చాయ్‌ని సాసరులో పోశాడు. ఊదాడు. సాసరు ఆమె వైపు జరిపాడు. ఇదేదీ స్క్రిప్టులో లేదు.

“చక్కెర ఏసినవా?” అంది రాజమణి. స్క్రిప్టులో ఆమెకు మాటే లేదు.

“ఎయ్యలే. నీకు షుగరొచ్చిందని తెలిసింది.”

“ఎవలు చెప్పిన్రు?”

“అడిగి తెలుసుకున్న.” “తప్పు నాదే రాజమణీ. గా దినం నేను గడప దాటకుండ ఉండాల్సుండె.”

“మేడం!” సామ్యూల్ గుసగుసగా అన్నాడు. “లైను మారింది. పేరు గూడ తప్పు చెప్పిండు. కమల కదా! కట్ చెప్పున్రి.”

ఇంగ్లీషులో కట్ అంటే తెంచడం, తెలుగులో కట్టు అంటే ముడివెయ్యడం. రూప ఏ భాషలోనూ నోరు తెరవలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది.

రాజమణి సాసరు అందుకుంది. సగం తాగింది. కొంగుతో పెదాలద్దుకుని, మిగిలిన సగం అతని ముందుకు జరిపింది.

“చల్లగైతుంది. తాగు.”

శివయ్య తాగాడు. వెలుగు ముందు మేడల అంచుల మీంచి, తర్వాత వాళ్ల భుజాల మీంచి మెల్లగా జారిపోయింది. కెమెరాలో రెండు నీడలు మిగిలాయి. కాసేపటికి వాటిలో ఏది ఎవరిదో తెలియలేదు.

సామ్యూల్ కెమెరా ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

“వెయ్యి పెళ్లిళ్లు తీసిన మేడం. అసలు మొగుడు పెండ్లాలు గూడ గిట్ల కూసోలే నా ఫ్రేముల. ఏం చేసిన్రు, ఏం చేసిన్రు! యాడ దొరికిన్రు మీకు వీళ్లు?”

“నేనే వాళ్లకు పుట్టిన, అన్నా.”