ఎర్ర కండెలు

"నా కళ్లకా పరీక్ష?" అంటూ చెంచురామయ్య కుర్చీలోంచి లేచాడు.

తెనాలి కంటి డాక్టరు నొచ్చుకోలేదు. "మీ అమ్మాయి తనూజకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియడం లేదండి. అందుకే రైల్వేవాళ్లు ఉద్యోగం ఇవ్వలేదు. ఇది డీఎన్ఏలో వచ్చే లోపం. మగపిల్లాడికైతే తల్లి నుంచి వస్తే చాలు. ఆడపిల్లకైతే తండ్రి నుంచి కూడా రావాలి. అంటే తండ్రికీ ఈ లోపం ఉండి తీరాలి."

చెంచురామయ్య ఈపురుపాలెంలో పేరున్న నేతగాడు. నలభై ఏళ్లుగా ఆయన మగ్గం మీద రంగు తప్పింది లేదు. భార్య పుష్పలత నూలు కండెలకు చుట్టి, ఏ రంగు తర్వాత ఏది నెయ్యాలో ఆ వరసలో పేర్చి పక్కన పెట్టేది. పెళ్లికి ముందు ఆ పని ఆయన తల్లి చేసేది. మగ్గమున్న ఏ ఇంట్లోనైనా అది ఆడవాళ్ల పనే.

అలాంటి మనిషికి రంగులు తెలియవంటే ఎవరు నమ్ముతారు? మరి పిల్లకి ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఆసుపత్రి మెట్లు దిగేలోగా ఆయన తీర్పు చెప్పేసుకున్నాడు.

తెనాలి స్టేషన్లో తల్లీకూతుళ్లను రేపల్లె రైలెక్కించాడు. "మీ అన్న దగ్గరికి పో. మళ్లీ నా గడప తొక్కావంటే ఊరుకోను."

"ఏవండీ, ఒక్క మాట వినండి. మీ కళ్లు..." పుష్పలత ఆగిపోయింది. పక్కనే ఈపురుపాలెం వాళ్లు నలుగురు నిలబడి వింటున్నారు. ఆమె తల దించుకుంది.

"నా కళ్లు ఇప్పటికి తెరుచుకున్నాయి" అన్నాడు.

ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నెల తిరక్కుండా తనూజ మేనమామ ఫోన్ నుంచి చేసింది.

"నాన్నా, అమ్మ పోయింది. తిండి మానేసి..."

"మీ నాన్నెవరో ఆయనకి చెప్పుకో" అని పెట్టేశాడు. పాపిష్టి మాట. అనడానికి నోరెలా వచ్చిందో!

ఆ కసితోనే నెల్లాళ్లుగా ఆగిపోయిన మగ్గం గుంటలో దిగాడు. పెళ్లిచీర ఒకటి కొంగు దగ్గర ఆగి ఉంది. పుష్పలత చుట్టి వెళ్లిన కండెలు బుట్టలో కలగాపులగంగా పడి ఉన్నాయి. ఎర్రవి తనే ఏరుకుని కొంగు పూర్తి చేశాడు. ఆడది లేకపోతే మగ్గం ఆగుతుందా అనుకున్నాడు.

మర్నాడు, నూలిచ్చి చీరలు నేయించుకునే మాస్టర్ వీవర్ అజయ్ బాబు వచ్చి, చీర మడత విప్పి, వాకిట్లో వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాడు.

"ఏంటి బాబాయ్, ఎర్రకొంగు నెయ్యమంటే ఆకుపచ్చ నేశావేంటి?"