ఆకుపచ్చ గీత

"ఇంకా గీత వస్తలేదు నిర్మలా," అంటూ పరశురాం పాత ఆసిలోస్కోపు మూత మళ్ళీ విప్పబోయాడు. కరెంటు అలల్ని తెర మీద గీతగా చూపే ఆ మిషిన్ కాలేజీ ల్యాబు నుంచి రిపేరుకు వచ్చింది. బాగుంటే తెర మీద ఆకుపచ్చ గీత కనిపించాలి.

"మూడు దినాలాయె. పార్టులన్నీ మార్చిన. నాతోని కాదని కాలేజోళ్లకు ఫోన్ చెయ్," అన్నాడు మళ్ళీ తనే.

"గట్లంటే ఎట్లయ్యా? ఇది బాగైతేనే మిగిలిన పదకొండు నీకిస్తమన్నరు. లేకుంటే అన్నీ తుక్కుకే."

"నన్ను గూడ అండ్లనే ఎయ్యమను."

సోల్డరింగ్ చేస్తూ కాల్చుకున్న అతని వేళ్ళకు మందు రాయడానికి వచ్చిన నిర్మల, తెర చూసి ఆగిపోయింది.

గీత ఉంది. కళ్ళు చెదిరేంతగా వెలుగుతోంది. బ్రైట్‌నెస్ బటన్ చివరిదాకా తిప్పి ఉంది. అట్లా తిప్పితే తెర కాలిపోతుందని, పెళ్ళైన కొత్తలో ఆమె చేతి మీద ఒక్కటేసింది ఇతనే.

ఆమె బటన్‌ను మెల్లగా వెనక్కి తిప్పింది. గీత సన్నబడింది. పరశురాం తెర వైపే చూస్తున్నాడు. చూస్తూనే మూతకున్న ఇంకో స్క్రూ విప్పాడు.

"ఫోన్ చేసినవా?" అన్నాడు కాసేపటికి.

ఆమె చేసింది.

"సార్, ఇబ్రహీంపట్నం నుంచి పరశురాం భార్యను. మీ మిషిన్ బాగైంది, వచ్చి తీస్కపోండ్రి." అవతల ఏదో అన్నారు. "వద్దు సార్. మిగిలినవి తేవద్దు."

పరశురాం చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

తెరను వేళ్ళతో తడుముతూ అడిగాడు.

"నిర్మలా, గీత ఎప్పటి సంది ఉన్నదే?"