పొద్దుటి పడవ

మొదటి దెబ్బకే అమర్ కళ్ళజోడు ఎగిరి టీవీ బల్ల కిందికి పోయింది. రెండో దెబ్బకి పెదవి చిట్లింది. మూడోది ఎక్కడ తగిలిందో చూసేలోగా మనిషి సోఫా మీంచి నేల మీదికి జారిపోయాడు.

కొట్టింది ఎవరో కాదు, సొంత బామ్మర్ది. గజేందర్ అని, అల్ వుకైర్‌లో కట్టే విల్లాల దగ్గర స్కాఫోల్డింగ్ పని. ఇనుప పైపులు మోసి కాయలు కాచిన చేతులు. ఖతర్‌లో సెలవంటే శుక్రవారం, ఆదివారమంటే మన సోమవారం లెక్క. ఆ శుక్రవారం సెలవుకి క్యాంప్ నుంచి బస్సెక్కి అల్ ముంతజాలోని అక్క ఇంటికి వచ్చాడు. అక్క లేదు. బావ చెప్పిన సంగతి విన్నాడు. అంతే, పూనకం వచ్చినట్టు మీద పడ్డాడు.

ఎదురు ఫ్లాట్ జియావుద్దీన్, అతని భార్య రఫియా పరుగెత్తుకొచ్చారు. జియావుద్దీన్‌ది నిజామాబాద్. మనూరి పిల్లాడే కదా అని గజేందర్ నడుం పట్టుకుని వెనక్కి లాగబోతే, మోచేత్తో ఆయనకీ ఒకటి పడింది. పాపం, మధ్యలో వచ్చినందుకు ముక్కు వాచింది.

"మా అక్క ఎవనితోనో లేచిపోయిందట. ఇంకోపారి అను, నీ నాలిక కోస్త," అన్నాడు గజేందర్.

అమర్ తిరిగి ఒక్క దెబ్బ వేయలేదు. చదువుకున్నవాడంటే అలా ఉండాలి. పెదవి మీది రక్తం తుడుచుకుంటూ, జరిగిందంతా జియావుద్దీన్ దంపతులకి మొదటినుంచి చెప్పాడు. 

అమర్ ఆఫీసులో పైఅధికారి పేరు మర్డో. ఆయనది స్కాట్లాండ్ పక్కన ఒక మారుమూల దీవి. గుప్పెడు ఇళ్ళ ఊరు, చుట్టూ నల్లటి కొండచరియలు, రేయీ పగలూ వాటిని బాదే సముద్రం. ఇంట్లోనూ వీధిలోనూ వాళ్ళ గేలిక్ భాషే. ఆఫీసు విందులో ఆయన ఫోన్లో ఆ ఫోటోలు చూసినప్పటి నుంచీ అమర్ భార్య మాలతి అక్కడికి వెళ్దామని ఒకటే పోరు. పెళ్ళయ్యాక భార్యని అల్ రువైస్ సముద్రం దాకా కూడా తిప్పని అమర్, చివరికి ఏకంగా ఆ దీవికే తీసుకెళ్ళాడు. ఇంతకంటే ఏ మొగుడు చేస్తాడండీ?

శనివారం సాయంత్రం దిగారు. ఊరికి దూరంగా, కొండచరియ అంచున అద్దె ఇల్లు. ఒడ్డున ఎవడో పడవవాడితో మాలతి నవ్వుతూ మాట్లాడింది. దాని మీద ఆ రాత్రి మాటా మాటా పెరిగింది. ఆదివారం పొద్దున లేచి చూస్తే పక్కన మనిషి లేదు, మూలన పెట్టె లేదు. రేవుకి పరుగెత్తాడు. పొద్దుటి పడవ అప్పుడే కదిలిపోతోంది. పనులకి పోయే జనం మధ్య, ఆ పడవవాడి పక్కన మాలతి. వెనక్కి తిరిగి కూడా చూడలేదట.

"ఎవరినైనా అడుగుదామంటే వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు. వచ్చినా ఏమని అడగను అన్నా? సోమవారం దాకా తలుపేసుకుని కూర్చున్నాను," అన్నాడు అమర్.

రఫియా దుపట్టాతో కళ్ళు ఒత్తుకుంది. ఇంత నెమ్మదస్తుడికా ఈ గతి అంది.

ఆ మాటతో గజేందర్‌కి మళ్ళీ ఒళ్ళు మండింది. జియావుద్దీన్‌ని విదిలించుకుని, బావ చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. గోడ మీది పెళ్ళి ఫోటో జారిపడి అద్దం భళ్ళున పగిలింది. చొక్కా గుండీలు తెగిపోయాయి. మెడ కింద నల్లబారిన గోళ్ళ గీతలు బయటపడ్డాయి. మనిషిని ఎట్ల రక్కిండో చూడమని రఫియా నోరు నొక్కుకుంది.

గజేందర్ పిడికిలి గాల్లోనే ఆగింది. కళ్ళల్లో నీళ్ళు.

"మా అక్క ఏడికి పోయినా నాకు ఫోన్ జేస్తది బావా. గా ఫోన్ ఎందుకు బందున్నది? మా అక్క ఏడున్నదో చెప్పు."

ఓర్పుకైనా ఒక హద్దుంటుంది. అమర్ ఫోన్ తీశాడు. పోలీసులొస్తే ముందు జైలు, ఆ తర్వాత నేరుగా విమానమే, ఇక నీకు గల్ఫ్ లేనట్టే అన్నాడు. జియావుద్దీన్ గజేందర్‌ని మళ్ళీ పట్టుకుని, వాచిన ముక్కుతోనే బతిమాలాడు. కుర్రాడు, అక్క మీద ప్రేమకొద్దీ చేయి చేసుకున్నాడు, వదిలెయ్యమన్నాడు.

"పిలువు. జైలుకు పోత," అన్నాడు గజేందర్. "మా అక్కను సూపెట్టినంక పోత."

తెరిచి ఉన్న తలుపు దగ్గర ఎవరో ఆగారు. చూస్తే మర్డో. సెలవు ముగిసినా అమర్ ఆఫీసుకి రాలేదని, పనిలో పనిగా తన ఊరెలా ఉందో అడుగుదామని, ఖర్జూరాల డబ్బాతో వచ్చాడు. గదంతా గాజుముక్కలు, నెత్తురు చూసి కొయ్యబారిపోయాడు.

అమర్‌కి ప్రాణం లేచొచ్చింది. పైఅధికారి కంటే పెద్ద సాక్షి ఎవరుంటారు? ఇంగ్లీషులో గబగబా మొత్తం చెప్పేశాడు. పడవవాడు, ఆదివారం పొద్దుటి పడవ, దాని నిండా పనులకి పోయే జనం, ఏదీ వదల్లేదు. ఇదిగో ఇతను నన్ను కొట్టాడు, పోలీసుల ముందు మీరు చెప్పాలి అన్నాడు.

మర్డో ఖర్జూరాల డబ్బా కింద పెట్టాడు. గజేందర్‌ని వదిలెయ్యమని జియావుద్దీన్‌కి సైగ చేశాడు. అమర్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పోలీసుల్ని నేనే పిలుస్తాను, ఎందుకంటే మా ఊళ్ళో ఆదివారం దేవుడి రోజు, చర్చి తలుపు తప్ప ఇంకేదీ తెరుచుకోదు, నేను పుట్టినప్పటి నుంచీ ఆ రోజు ఆ రేవులోంచి ఒక్క పడవా కదల్లేదు," అన్నాడు మర్డో.