దండ వేయడానికి ముఖం

ఇంటికో గోడతెర బిగించి, ఫొటోలన్నీ అందులోనే దాచుకోమన్న పెద్దమనుషులారా, ఈ పాపం మీదే!

నూకరత్నం చనిపోగానే ఆమె ఖాతాకి తాళం పడింది. ఆ ఖాతాలో ఉంచి ఇంటిల్లిపాదికీ పంచిన ఫొటోలన్నీ అందరి ఖాతాల్లోంచీ మాయమయ్యాయి. పెదకర్మనాడు దండ వేయడానికి భర్త సన్యాసికి ఆమె ముఖం దొరకలేదు.

“నీ ఖాతాలో ఒక్కటైనా దాసుకోలేదేటి, బావా?” అని మరదలు పైడమ్మ ఏడ్చింది.

“దాసుకుంటానంటే మీ అక్క ఊరుకునీదా? ‘ఏటి, నాకాడినుంచి ఏరుపడిపోతన్నావా?’ అని ఎక్కిరించీది. నవ్వీసి ఊరుకున్నాను.”

తెర మీద ‘యజమాని అనుమతి కావాలి’ అన్న అక్షరాలే వెలుగుతున్నాయి. సన్యాసి వాటి చుట్టూనే దండ వేసి, చేతులు జోడించాడు.

ఆ యజమానిని ఎక్కడినుంచి తెమ్మంటారయ్యా? చచ్చినవాళ్ల ఫొటోలు ఇంట్లోవాళ్లవి. దండ వాడిపోతోంది. తాళం ఇవాళే తీయండి!